డాలస్ చలికి స్టార్ జాస్మిన్ తీగని ఎలా కాపాడుకున్నానంటే

మేముండేది డాలస్ దగ్గర. ఫెన్స్ మీద పాకించిన స్టార్ జాస్మిన్ ఏడాదంతా పచ్చగానే ఉంటుంది, మే వచ్చేసరికి అచ్చం మన మల్లెపందిరిలా ఘుమఘుమలాడిపోద్ది. మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ దాకా తట్టుకునే తీగే, కానీ 2021 ఫిబ్రవరిలో ఇక్కడ మైనస్ 19కి పడిపోయింది, ఆకులన్నీ మాడిపోయాయి. అందరూ పీకేయమన్నారు గానీ నాకు మనసొప్పలేదు. మొదలు దగ్గర గోరుతో బెరడు గీకి చూశా, లోపల పచ్చగా ఉంది, పాలు కూడా చిమ్మాయి (గన్నేరు జాతే ఇది, కొందరికి దురద పెడుతుంది, గ్లవ్స్ వేస్కోండి).

మంచు భయం పోయే దాకా, అంటే మార్చి మధ్య వరకు కత్తెర పెట్టలేదు, ఎందుకంటే ముందే కట్ చేస్తే లేత చిగుళ్ళొచ్చి మళ్ళీ చలికి పోతాయి. తర్వాత ఎండినదంతా తీసేస్తే మొదలు నుంచి పిలకలొచ్చాయి. పూలు పాత కొమ్మలకే ఎక్కువ పూస్తాయి కాబట్టి ఆ ఏడు పెద్దగా పూయలేదు.

ఇప్పుడు ఫ్రీజ్ వార్నింగ్ వస్తే చాలు, ముందు రోజే మట్టి బాగా తడిపేస్తా, తడి నేల పగటి వేడిని పొడి నేలకన్నా ఎక్కువ పట్టి ఉంచుతుంది. తీగ మొదలు చుట్టూ మల్చ్ (ఎండుటాకులు, చెక్కపొట్టు లాంటిది) మందంగా పరిచి, పైనుంచి నేల దాకా ఫ్రాస్ట్ క్లాత్ (చలికి మొక్కల మీద వేసే గుడ్డ) కప్పి అంచుల మీద ఇటుకలు పెడతా, ఎందుకంటే నేలలోంచి వచ్చే వేడే లోపల నిలవాలి. ప్లాస్టిక్ షీట్ మాత్రం ఆకులకి తగలనివ్వొద్దు, తగిలిన చోటల్లా మాడిపోతాయి. లోపల లైట్లు వేస్తే పాతరకం వేడెక్కే బల్బులే వేయండి, ఎల్ఈడీ వల్ల ఉపయోగం లేదు. ఎండ రాగానే క్లాత్ తీసేయాలి. ఆగస్టు దాటాక నత్రజని ఎరువు అసలు వేయను, వేస్తే లేత చిగుళ్ళొచ్చి చలికి పోతాయి.