ఇన్సులిన్ తీసుకునే పిల్లలకు షుగర్ పడిపోతే

టైప్ 1 డయాబెటిస్ ఉన్న పిల్లల్లో గ్లూకోమీటర్ 70 (mg/dL) కంటే తక్కువ చూపిస్తే లో షుగరే. 54 కంటే కిందికి దిగితే ప్రమాదం ఇంకా ఎక్కువ. కాస్త పెద్ద పిల్లలైతే చెమటలు, వణుకు, ఆకలి అని చెబుతారు. చిన్నవాళ్లలో కారణం లేని పేచీ, పాలిపోయిన మొహం, ఆడుతూ ఆడుతూ చతికిలబడటం, ఇవే గుర్తులు. వేలు గుచ్చేముందు చెయ్యి కడిగి తుడవండి. మామిడిపండు రసం అంటి ఉంటే రీడింగు ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. మీటరు దగ్గర లేకపోతే దానికోసం వెతుకుతూ కూర్చోవద్దు, ముందు తీపి ఇచ్చెయ్యండి.

ఎంత ఇవ్వాలన్నది బరువును బట్టి ఉంటుంది: కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజ్. 15 కిలోల పిల్లకు 4.5 గ్రాములు, 30 కిలోల వాడికి 9 గ్రాములు. గ్లూకోజ్ పొడిని వంటింటి కాటా మీద తూచి చిన్న పొట్లాలు కట్టి బడి సంచిలో, బండి డిక్కీలో, దిండు పక్కన పెట్టుకుంటే కంగారులో లెక్కలు వేయక్కర్లేదు. పొడి లేకపోతే పంచదార నీళ్లు. తలగొట్టిన టీ చెంచాడు పంచదార సుమారు 4 గ్రాములు. చాక్లెట్, పాలు, లడ్డు పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. "షుగరున్న బిడ్డకు చక్కెరేంటి" అని ఇంట్లో పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుంటారు, వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇచ్చాక 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే అంతే మోతాదు మళ్లీ. ఎక్కువమంది తప్పు చేసేది ఈ పావుగంటలోనే: భయపడి గ్లాసు మీద గ్లాసు పట్టిస్తే రెండు గంటల్లో 300 దాటొచ్చు. షుగర్ 70 దాటాక, భోజనానికి ఇంకా చాలాసేపుంటే ఒక ఇడ్లీయో రెండు బిస్కెట్లో పెట్టండి. భోజనం వేళే అయితే అన్నం పెట్టి ఇన్సులిన్ ఇవ్వండి, మోతాదు డాక్టర్ చెప్పినట్టు. లో వచ్చింది కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు.

స్పృహ లేకపోయినా, ఫిట్స్ వస్తున్నా నోట్లో ఏమీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్లూకగాన్ (షుగర్‌ను పెంచే ఇంజెక్షన్) ఉంటే 25 కిలోల లోపు వారికి అర మిల్లీగ్రాము, ఆపైన 1 మిల్లీగ్రాము తొడకు ఇవ్వాలి. తర్వాత వాంతి అవ్వొచ్చు, అందుకే పక్కకే పడుకోబెట్టి ఉంచాలి. అన్ని మందుల షాపుల్లోనూ ఇది దొరకదు, ముందే తెప్పించుకుని కలిపే పద్ధతి నర్సు దగ్గర చూసి నేర్చుకోండి.

సాయంత్రం బాగా ఆడిన రోజు రాత్రి 2, 3 గంటల మధ్య ఒకసారి చూడండి. కండరాలు ఖర్చయిన చక్కెరను నింపుకుంటూ గంటల తర్వాత కూడా షుగర్‌ను కిందికి లాగుతాయి. పరుగెత్తబోయే ముందు ఇన్సులిన్ తొడకు కాకుండా పొట్టకు ఇవ్వండి.