గుయాష్ చేదెక్కకుండా ఎలా కుదిరిందంటే

బుడాపెస్ట్‌కి వచ్చిన కొత్తలో నేను వండిన గుయాష్, అంటే హంగేరీ వాళ్ల మాంసం పులుసు, రెండుసార్లూ చేదొచ్చింది. మాంసం మీద అనుమానపడ్డాను కానీ తప్పు తాలింపులో ఉంది. మనం కారం వేసినట్టే పాప్రికాని, అంటే అక్కడి ఎండు మిరప పొడిని, సలసల కాగే నూనెలో వేసేశాను. పాప్రికాలో చక్కెర ఉంటుంది, ఇట్టే మాడిపోతుంది. ఎర్రటి పొడి చూస్తుండగానే గోధుమ రంగుకి తిరిగింది.

మూడోసారి ఉల్లిపాయలు మెత్తబడ్డాక గిన్నె పొయ్యి మీద నుంచి దించేశాను. రెండు చెంచాల తీపి (కారం లేని) పాప్రికా కలిపి, వెంటనే గరిటెడు నీళ్లు పోశాను. నూనె మందారం రంగులో పైకి తేలింది! అప్పుడు అరకిలో గొడ్డు మాంసం, జీలకర్రలా కనిపించే కారవే గింజలు, వెల్లుల్లి వేసి సన్నని సెగ మీద రెండు గంటలు ఉడికించాను. బంగాళదుంపలు చివరి అరగంటలోనే. పులుసు పలచగానే ఉండాలి. చిక్కగా చేస్తే అది పొర్కొల్ట్, వేరే వంట.

ఇక పులుసులో వేసే చిపెత్కె అనే పిండి ఉండలు. ఆ పేరుకి అర్థమే గిల్లినది అని. మొదట్లో నీళ్లు పోసి కలిపితే పులుసులో విడిపోయాయి. ఇప్పుడు ఒక గుడ్డు, ఉప్పు, పట్టినంత మైదా, అంతే. గట్టిగా కలిపి, అరగంట ఆగి, చిక్కుడు గింజంత ముక్కలు గిల్లి మరిగే పులుసులో వేస్తాను. పైకి తేలాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఉంచి, ఒకటి కొరికి చూసి దించుతాను.