ఎండలు ముదరకముందే బండి ఇంజన్ ఆయిల్ చూస్కోండి

రామగుండం, కొత్తగూడెం, రెంటచింతల వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఆ ఎండలో ఎయిర్ కూల్డ్ బండి సిగ్నల్ దగ్గర ఆగిందంటే గాలి తగలదు, ఇక ఇంజన్‌కి దిక్కు లోపలున్న ఆ లీటరు ఆయిలే.

ముందు లెవెల్ చూడండి. ఖరీదైన సింథటిక్ పోయించా కదా అని నేను నెలల తరబడి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) తియ్యలేదు, తీసి చూస్తే కొసన మాత్రమే తడి, పిస్టన్ రింగులు అరిగి ఆయిల్ తాగేస్తోంది, చివరికి బోర్ కొట్టించాల్సొచ్చింది. సెంటర్ స్టాండ్ వేసి మూడు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో మూడు నిమిషాలు ఆగి, స్టిక్ గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడండి. చాలా బండ్లకి మర తిప్పకుండా ఊరికే ఆనించి చూడాలి. మాక్స్ గీత దాటి పోస్తే మాత్రం నురగొస్తుంది, అదీ మంచిది కాదు.

ఇక ఏ ఆయిల్ అంటే... చాలా బైకుల్లో ఒకటే ఆయిల్ ఇంజన్‌కి, క్లచ్‌కి, గేర్లకి. పల్చటి బేస్ ఆయిల్‌ వేడెక్కినా చిక్కదనం నిలవాలని పాలిమర్లు కలుపుతారు, గేర్ పళ్ల మధ్య నలిగి అవి తెగిపోతాయి, 40 గ్రేడ్ (అంకె పెద్దదైతే వేడిలో చిక్కదనం ఎక్కువ) పోయించినా కొన్నాళ్లకి 30 లాగా పల్చబడుతుంది. మినరల్‌లో, అంటే క్రూడ్ నుంచి మామూలుగా తీసిన ఆయిల్‌లో, ఈ బాధ ఎక్కువ. మంచి సింథటిక్ బేస్‌కి పాలిమర్లు తక్కువ సరిపోతాయి కాబట్టి వేడిలో ఆయిల్ పొర ఎక్కువ కాలం నిలబడుతుంది, అరుగుదల తగ్గేది అక్కడే. కానీ ఫుల్లీ సింథటిక్ అని ఉన్న డబ్బాలన్నీ ఒకటి కాదు, చాలావాటిలో ఉండేది క్రూడ్ నుంచే బాగా శుద్ధి చేసిన గ్రూప్ త్రీ బేస్, రసాయనికంగా తయారుచేసే పీఏఓ, ఎస్టర్ రకాలు ఇంకా ఖరీదు. రోజూ ఆఫీసుకి తిరిగే బండికి గ్రూప్ త్రీ చాలు అని నా అభిప్రాయం.

కారు ఆయిల్ మిగిలింది కదా అని బైకులో పొయ్యకండి ప్లీజ్. 0డబ్ల్యూ-20 లాంటి వాటిలో జారుడు పెంచే మందులుంటాయి, క్లచ్ ప్లేట్లు జారిపోతాయి, పైగా 30 గానీ అంతకన్నా పల్చటి గ్రేడుల్లో గానీ ఏపీఐ ఎస్‌పీ (కారు ఆయిల్ ప్రమాణం) ఆయిల్‌కి ఫాస్ఫరస్ 0.08 శాతం దాటకూడదు, క్యామ్ (వాల్వులు తెరిచే భాగం) దగ్గర పొర తెగినప్పుడు కాపాడేది ఆ జింకు ఫాస్ఫరస్ మందే. గేర్ల బైకుకి డబ్బా మీద జపాన్ ప్రమాణం జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి, యాక్టివా లాంటి గేర్లు లేని స్కూటర్‌కి ఎంబీ.

"ఎండాకాలం కదా, చిక్కటిది పోద్దాం" అని మెకానిక్, 10డబ్ల్యూ-30 పోయాల్సిన బండిలో 20డబ్ల్యూ-50 పోస్తానంటే ఒప్పుకోకండి. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు ఆ చిక్కటి ఆయిల్ పైనున్న క్యామ్ దాకా చేరడానికి టైం పడుతుంది, ఆలోపు ఇనుముకి ఇనుము రాసుకుంటుంది. మాన్యువల్లో ఎండకి వేరే గ్రేడ్ రాసుంటే అదే వాడండి.

లూజ్ ఆయిల్ అస్సలొద్దు, సీల్ మీ ముందే తియ్యమనండి, ఖాళీ డబ్బాకి అక్కడే స్క్రూడ్రైవర్‌తో చిల్లు పెట్టించండి, లేకపోతే అందులోనే కల్తీది నింపి అమ్ముతారు. తీసిన పాత ఆయిల్ తెల్ల గిన్నెలో పోసి ఎండలో ఊపి చూడండి, వెండి రజనులా మెరిసిందంటే ఎక్కడో గట్టిగా అరుగుతోందన్నమాట, కొత్త ఆయిల్ పోసి పంపించెయ్యకుండా ఇంజన్ విప్పించి చూపించండి.