పుష్కరాల్లో, జాతరల్లో సేవకి వాలంటీర్లను ఎలా తయారుచేయాలి?

2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజే, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర మరో ఆరుగురు పోయారు. 2027లో మళ్లీ గోదావరి పుష్కరాలు. మీ ఊరి కుర్రాళ్లని, ఆడపిల్లల్ని సేవకి పంపాలనుకుంటే టీషర్టులు, కార్డుల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు శిక్షణ మొదలుపెట్టండి.

అంతకంటే ముందు అక్కడి పోలీసులతో మాట్లాడి ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరికి చెప్పాలో రాయించుకోండి. జనాన్ని కొట్టడం, సోదా చేయడం వాలంటీర్ పని కాదు. ఆడవాళ్ల క్యూ దగ్గర ఆడ వాలంటీర్లే ఉండాలి.

తర్వాత అందరినీ ఆ చోటుకి తీసుకెళ్లి నడిపించండి. దారి ఎక్కడ ఇరుకవుతోంది, మెట్లు ఎక్కడ మొదలవుతున్నాయి, అంబులెన్స్ ఎటు నుంచి వస్తుంది అన్నది పగలొకసారి, రాత్రొకసారి చూడాలి.

ఇక నేలమీద సుద్దముక్కతో మీటరు పొడవు, మీటరు వెడల్పు గడి గీయండి. అందులో ఇద్దర్ని నిలబెట్టండి, తర్వాత నలుగుర్ని, ఆ తర్వాత ఆరుగుర్ని. ఆరుగురయ్యేసరికి చేయి పైకెత్తడం కూడా కష్టమవుతుంది. తొక్కిసలాటల్లో చాలామంది కాళ్ల కింద పడి కాదు, ఛాతీ నొక్కుకుపోయి, ఊపిరాడక, నిలబడే చనిపోతారు. అందుకే గడికి నలుగురు కనిపించగానే కబురు చెప్పాలి, వెనక నుంచి వచ్చేవాళ్లని దూరంలోనే ఆపాలి. జనం అలలా ఊగుతున్నారంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

అన్నిటికంటే ఎక్కువసార్లు ప్రాక్టీస్ చేయించాల్సింది గేటు దగ్గర మాట్లాడటం. తిరుపతిలో ఒకావిడకి ఒంట్లో బాగోలేదని గేటు తీస్తే, టోకెన్లు ఇస్తున్నారనుకుని జనం ఒక్కసారిగా ముందుకొచ్చారని అప్పుడు వార్తలొచ్చాయి. కాబట్టి గడియ మీద చేయి వేసేముందే క్యూ చివరి దాకా మాట చేరాలి. "అమ్మా, అన్నా, ఒకరికి బాగోలేక తీస్తున్నాం. క్యూ ఇంకా కదలదు, పది నిమిషాలు ఆగండి" అని మైకులో నిదానంగా, రెండుసార్లు చెప్పించండి. ముందున్నవాళ్లని "తోయకండి" అని గద్దిస్తే లాభం లేదు, పాపం వాళ్లు తోయట్లేదు. వెనకవాళ్లకి చెప్పాలి. "పరిగెత్తండి" అన్న మాట ఎవరి నోటా రాకూడదు.

అంత జనంలో సెల్ సిగ్నల్ ఉండకపోవచ్చు. వైర్‌లెస్ సెట్ల కోసం పోలీసుల్ని అడగండి, లేకపోతే ఈలకి అర్థాలు పెట్టుకోండి.

మిగతావి త్వరగా నేర్చుకోవచ్చు. తప్పిపోయిన పిల్లని ఒక్కరే తీసుకెళ్లకూడదు, ఇద్దరు కలిసి సహాయ కేంద్రంలో అప్పగించాలి. ఎవరిదో తెలియని బ్యాగుని ముట్టుకోకుండా జనాన్ని దూరం జరిపి పోలీసులకి చెప్పాలి. స్పృహ తప్పి, ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్ల లోతున నొక్కాలి. దీన్ని బొమ్మ మీద వైద్య సిబ్బందితోనే నేర్పించండి.

గంటల తరబడి ఎండలో నిలబెడితే ఎవరికైనా చూపు మందగిస్తుంది, షిఫ్టులు చిన్నవిగా పెట్టండి. షిఫ్టు దిగేవాళ్లు కొత్తగా వచ్చినవాళ్లకి ఎక్కడ జనం పెరుగుతున్నారో, ఏ గేటు మూసి ఉందో చూపించాకే వెళ్లాలి.