త్రిపురాంతకం నుంచి శ్రీశైలానికి: ఒక్క పగటి సైకిలు ప్రయాణం

శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకం. అక్కణ్ణించి యర్రగొండపాలెం, దోర్నాల మీదుగా సుమారు 100 కిలోమీటర్లు. దోర్నాల చేరగానే సగం అయిపోయిందనుకుంటారు చాలామంది. దూరంలో సగమే గానీ, కష్టమంతా ఆ తర్వాతే.

టైము వెనక నుంచి లెక్కేసుకోండి. దోర్నాల దాటితే పులుల అభయారణ్యం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా గేటు వేసేస్తారు. తొమ్మిదింటి దాకా ఉంది కదా అని సాయంత్రం అడవిలో దూరొద్దు, ఎలుగుబంట్లు బయల్దేరే వేళ అది. 11కల్లా దోర్నాల వదలాలి, అంటే త్రిపురాంతకంలో తెల్లవారుజామున 5కే ఎక్కాలి. కొండమీది త్రిపురాంతకేశ్వరుడి దర్శనం, చెరువులోని బాలాత్రిపురసుందరి దర్శనం ముందురోజే కానిచ్చుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఈ దారికి మంచి కాలం.

మొదటి సగంలో శత్రువు సర్కారు తుమ్మ ముల్లు. పంచరు పడితే ట్యూబు మార్చేసి ఊరుకోకండి. విరిగిన ముల్లు మొన టైరులోనే ఉంటుంది, రెండు కిలోమీటర్లు పోకముందే కొత్త ట్యూబునీ పొడుస్తుంది. టైరు లోపల గుడ్డపేలిక పెట్టి చుట్టూ తిప్పండి. దారప్పోగు ఎక్కడ చిక్కుకుంటే ముల్లు అక్కడే. చిన్న పటకారుతో లాగేయండి. రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషను, పంపు తప్పనిసరి.

దోర్నాలలో కడుపు నిండా తినకుండా నాలుగు ఇడ్లీలతో సరిపెట్టి, 3 లీటర్ల నీళ్లు నింపుకోండి. ఉత్త నీళ్లే తాగితే ఎక్కుడులో పిక్కలు పట్టేయొచ్చు. లీటరుకి 6 టీచెంచాల చక్కెర, అర టీచెంచా ఉప్పు కలపండి. తినేది సంచి లోపల పెట్టండి, పైన కట్టారా కోతుల పాలే.

ఘాటు రోడ్డు ఎక్కడానికి పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక చక్రం పళ్లచక్రానికి 32 పళ్లున్న గేరు హాయి. ఎక్కుడు మొదలయ్యాక కాదు, ముందే తేలిక గేరులోకి రండి, బరువు మీద మారిస్తే చైను జారుతుంది. గేర్లు లేని సైకిలైతే దిగి నెట్టండి. నామోషీ ఏం లేదు, శివస్వాములు ఆ దారంతా నడిచే పోతారు.

శిఖరేశ్వరం 2,830 అడుగులు. నంది కొమ్ముల మధ్య నుంచి ఆలయ శిఖరం చూసుకున్నాక మిగిలింది చాలావరకు దిగుడే. బ్రేకు అదేపనిగా నొక్కిపెడితే రిమ్ము కాలి ట్యూబు పేలొచ్చు. పట్టి వదులుతూ దిగండి, హాజరు వేయించుకోవడానికి సాక్షి గణపతి దగ్గర ఎలాగూ ఆగాలి.