కార్డ్‌లెస్ ఫోన్ రిపేరు – 3వ పాఠం: ఛార్జింగ్ నిలవడం లేదా?

పోయిన పాఠంలో మామూలు తీగ ఫోన్‌ను రోజెట్ బాక్సుకు, అంటే టెలిఫోన్ లైను వచ్చి చేరే గోడ మీది చిన్న పెట్టెకు, తగిలించి, లోపం లైనులో ఉందా, సెట్టులో ఉందా అన్నది తేల్చుకున్నాం. తీగ ఫోన్‌లోనూ డయల్ టోన్ రాకపోతే ఈ పాఠంతో మీకు ఇప్పుడే పని లేదు, కంప్లైంట్ రాయించండి. టోన్ వచ్చినవాళ్లు ఇక హ్యాండ్‌సెట్ చేతిలోకి తీసుకోండి.

హ్యాండ్‌సెట్ రాత్రంతా బేస్ మీదే, అంటే దాన్ని ఛార్జింగ్‌కు ఆనించే పీట మీదే, ఉంటుంది. పొద్దున ఫోన్ ఎత్తి మాట్లాడుతుంటే కాసేపటికే కీచుమని కట్ అయిపోతుంది. స్క్రీన్ మీద బ్యాటరీ గుర్తు మాత్రం అప్పటిదాకా నిండుగానే ఉంటుంది. చాలామంది ఇక్కడే సెట్టు పోయిందనుకుని కొత్తది కొనేస్తారు. నన్నడిగితే ముందు బ్యాటరీని అనుమానించాలి, బోర్డు సంగతి ఆఖర్న.

వెనక మూత తీయండి. కొన్నిటిలో సన్న పెన్సిల్ సెల్స్ సైజువి, అంటే ట్రిపుల్ ఏ, రెండు ఉంటాయి. కొన్నిటిలో మూడు సెల్స్‌ను ఒకే తొడుగులో చుట్టి, ఎర్ర, నల్ల వైర్లకు చిన్న కనెక్టర్ పెట్టిన ప్యాక్ ఉంటుంది. ఎక్కువగా కనిపించేది నికెల్ మెటల్ హైడ్రైడ్, పాత సెట్లలో నికెల్ కాడ్మియం. రెండిటికీ సెల్‌కు 1.2 వోల్టులే లెక్క. రెండు సెల్స్‌కు 2.4, మూడింటికి 3.6. లిథియం అని రాసి ఉంటే కింది లెక్కలు దానికి పనికిరావు.

సెల్స్ చివర తెల్లటి పొడి గానీ, పచ్చటి చిలుము గానీ ఉంటే వాటిని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. కారిన సెల్స్ ఎలాగూ మార్చాల్సిందే.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఊరికే అయ్యే పని ఒకటుంది. బేస్ మీద, హ్యాండ్‌సెట్ కింద రెండేసి లోహపు పట్టీలు ఉంటాయి. చేతి జిడ్డు, దుమ్ము పట్టి అవి నల్లబడితే కరెంటు సరిగా ఎక్కదు. అడాప్టర్ పీకేసి, పెన్సిల్ రబ్బరుతో రెండువైపులా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతుంది.

ఇక మల్టీమీటర్, అంటే వోల్టులు కొలిచే మీటర్. 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టండి. రాత్రంతా ఛార్జింగ్‌లో ఉన్న హ్యాండ్‌సెట్ తెచ్చి, సెల్స్ లోపల ఉండగానే కొలవండి. ఒక్కో సెల్‌కు 1.3 నుంచి 1.4 దాకా రావాలి. మూడు సెల్స్ ప్యాక్ 2.6 దగ్గరే ఆగిపోయిందంటే అందులో ఒక సెల్ షార్ట్ అయినట్టే, మిగతా రెండే పనిచేస్తున్నాయి.

రీడింగ్ బాగుందని అప్పుడే మూత పెట్టేయకండి. కూర్చున్నప్పుడు అందరూ బలవంతులే, బస్తా ఎత్తమన్నప్పుడే అసలు బలం తెలిసేది. టాక్ బటన్ నొక్కి, ప్రోబులు, అంటే మీటర్ వైర్ల మొనలు, అలాగే ఆనించి రెండు మూడు నిమిషాలు చూడండి. మంచి బ్యాటరీ కొంచెం దిగి, సెల్‌కు 1.2 అటూ ఇటూగా నిలబడుతుంది. పాడైనది మీరు చూస్తుండగానే దిగజారుతూ 1 వోల్టు కిందికి పోతుంది. ఛార్జింగ్ గుర్తు నిండుగా ఉన్నా కాల్ కట్ అవడం దీనివల్లే.

కొత్తది కొనేటప్పుడు వోల్టులు కచ్చితంగా అవే ఉండాలి. ఎంఏహెచ్, అంటే బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందన్న లెక్క, ఎక్కువున్నా ఫర్వాలేదు, ఛార్జింగ్‌కు ఇంకాస్త సేపు పడుతుంది, అంతే. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు పాత ప్యాక్‌ను జేబులో వేసుకుని కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్తే పోల్చి చూసుకుని తెచ్చుకోవచ్చు. కనెక్టర్ సరిపోయింది కదా అని వెంటనే గుచ్చేయకండి. ఎర్ర, నల్ల వైర్లు అటూ ఇటూ మారి ఉండే ప్యాకులూ వస్తాయి. విడి సెల్స్ అయితే రెండూ ఒకేసారి మార్చాలి. ఇంట్లో ఉన్నాయి కదా అని టీవీ రిమోట్ సెల్స్ మాత్రం వేయకండి. ఫోన్ పనిచేస్తుంది, నిజమే. కానీ అవి ఛార్జింగ్‌కు పనికొచ్చేవి కావు, బేస్ మీద పెడితే కారిపోయి సెట్టునే తినేస్తాయి. కొత్త బ్యాటరీ వేశాక మొదటిసారి 15, 16 గంటలు కదపకుండా ఛార్జింగ్ పెట్టండి.

కొత్త బ్యాటరీ వేసినా అదే గోలైతే అడాప్టర్ చూడాలి. ఇంట్లో నాలుగు అడాప్టర్లుంటే ఒకదాని బదులు ఒకటి పెట్టేయడం మామూలే. బేస్ కింద రాసిన వోల్టులు, అడాప్టర్ మీద రాసినవి కలవాలి. అవుట్‌పుట్ పక్కన అల గీత ఉంటే అది ఏసీ, మీటర్ కూడా ఏసీకి మార్చాలి. పాతకాలపు బరువైన ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్ 9 వోల్టులని రాసి ఉన్నా, సెట్టుకు తగిలించకుండా ఖాళీగా కొలిస్తే 12, 13 చూపించవచ్చు. కంగారు పడకండి, లోడ్ పడితే దిగుతుంది. సున్నా చూపిస్తే మాత్రం లోపం దొరికినట్టే.

వచ్చే పాఠానికి మూడు అంకెలు రాసి ఉంచుకోండి: బేస్ మీంచి తీయగానే వచ్చిన వోల్టేజీ, టాక్ నొక్కగానే వచ్చింది, 5 నిమిషాల తర్వాతది. ఛార్జింగ్ బాగున్నా హ్యాండ్‌సెట్‌కు బేస్ దొరకకపోవడం, వైఫై రౌటర్ పక్కన గరగర రావడం 4వ పాఠంలో చూద్దాం.