పాత లారీలో ఏబీఎస్ లైటు ఆరకపోతే లోపాన్ని ఎలా కనిపెట్టాలి?

మన దేశంలో కొత్త లారీలకు ఏబీఎస్ (బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు) 2015లో తప్పనిసరి అయింది. అప్పటి లారీలు ఇప్పుడు పదేళ్లు పైబడి, విశాఖ రేవు నుంచి బొగ్గు, ఎరువులు తోలుతూ ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. వాటిలో చాలావాటి డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వెలిగే ఉంటుంది. డ్రైవర్లు దాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తారు, కొందరైతే బల్బే పీకేస్తారు. ఈ లైటు వెలిగినంత మాత్రాన బ్రేకులు పోయినట్టు కాదు. మామూలు గాలి బ్రేకు ఎప్పటిలాగే పడుతుంది. అయితే తడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా తొక్కితే ఏబీఎస్ పనిచేయకపోవచ్చు కాబట్టి లారీ అడ్డం తిరిగే ప్రమాదం ఉంటుంది. గాలి తగ్గిందని చెప్పే ఎర్ర లైటు, బజరు కూడా దీంతోపాటు వస్తే అది వేరే సంగతి, బండిని వెంటనే పక్కకు ఆపేయాలి.

మా లారీకి మొదటిసారి ఈ లైటు వచ్చినప్పుడు ఒక షెడ్డులో మీటరు కూడా పెట్టకుండానే కంట్రోల్ యూనిట్ (ఏబీఎస్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందని తేల్చి, దాన్ని మార్పించారు. డబ్బు పోయింది గానీ లైటు ఆరలేదు. చివరికి దొరికిన లోపం క్లీనరు వైపు వెనుక చక్రం దగ్గరున్న కనెక్టరులో పట్టిన చిలుము. అందుకే ఈ పనిలో కంట్రోల్ యూనిట్‌ను అన్నిటికన్నా చివర అనుమానించాలని నా అభిప్రాయం.

మొదట లైటు తీరు గమనించండి

పనిముట్లు తీయకముందే, ఇంజను స్టార్ట్ చేయకుండా తాళం తిప్పి లైటు వైపు చూడండి. అన్నీ బాగుంటే అది సుమారు మూడు సెకన్లు వెలిగి ఆరిపోతుంది. అసలు వెలగనే వెలగకపోతే బల్బు మాడి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి (పాత బండి కొనేవారు ముందుగా చూడవలసింది ఇదే). ఆరకుండా ఉండి, బండి గంటకు 7 కిలోమీటర్ల వేగం దాటాక ఆరిపోతే, ఇంతకుముందు సెన్సరు (చక్రం వేగాన్ని కంట్రోల్ యూనిట్‌కు చెప్పేది) లోపం ఒకటి నమోదైందని, ఇప్పుడు సిగ్నలు సరిగానే అందుతోందని అర్థం. ఆరిన లైటు గుంతల్లోనో, ఒక వేగం దాటాకో మళ్లీ వస్తుంటే సెన్సరు దూరం జరిగిందా, బేరింగు వదులైందా, వైరు ఆడుతోందా అని చూడాలి. ఎంత దూరం నడిపినా ఆరకపోతే ఫ్యూజు, ఎర్త్, తెగిన వైరు, వాల్వు (చక్రం బ్రేకుకు పోయే గాలిని అదుపు చేసేది), పూర్తిగా పోయిన సెన్సరు అనుమానితులు.

చాలా లారీల్లో ఫ్యూజుల పెట్టె దగ్గరో, డ్యాష్‌బోర్డు కిందో ఏబీఎస్ తనిఖీ బటన్ ఒకటి ఉంటుంది. దాన్ని ఒక సెకను నొక్కి వదిలితే లైటు మిణుకులతో కోడ్ చెబుతుంది. ముందు కొన్ని మిణుకులు, చిన్న విరామం, మళ్లీ కొన్ని మిణుకులు వస్తాయి. సాధారణంగా మొదటి అంకె లోపం రకాన్ని, రెండోది ఏ చక్రమో చెబుతాయి. అంకెల అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ బండి మాన్యువల్‌లోని పట్టికతోనే సరిచూసుకోవాలి. బటన్ లేని బండి అయితే ఆటోనగర్‌లో స్కానరు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చదివించుకోవాలి.

కరెంటు సరిగా అందుతోందా?

ఏబీఎస్ ఫ్యూజును కంటితో చూసి వదిలేయకుండా మీటరుతో చూడాలి. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీల దగ్గర 27, 28 వోల్టులు కనిపించాలి. బాగా తక్కువ ఉంటే ముందు ఆల్టర్నేటరు సంగతి చూసుకోవాలి. ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టును విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించడం పది నిమిషాల పని. బాడీకి వెల్డింగు చేయించాక లైటు వచ్చి ఉంటే ఆ సంగతి ఎలక్ట్రీషియన్‌కు తప్పక చెప్పండి. బ్యాటరీ వైర్లు, కంట్రోల్ యూనిట్ కనెక్టర్లు విప్పకుండా వెల్డింగు చేస్తే యూనిట్ నిజంగానే దెబ్బతినవచ్చు.

చక్రం దగ్గర సెన్సరు

ఎక్కువసార్లు దొంగ దొరికేది ఇక్కడే. పాత లారీల్లో ఉండే సెన్సరు లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ తీగచుట్ట ఉంటాయి. హబ్బుతోపాటు తిరిగే పళ్ల రింగు (చాలా బండ్లలో 100 పళ్లు) దాని ముందు నుంచి పోతుంటే తీగచుట్టలో ఏసీ వోల్టేజీ పుడుతుంది. సెన్సరు కొనకూ పళ్లకూ మధ్య ఖాళీ 0.7 మిల్లీమీటరు మించితే ఆ వోల్టేజీ సన్నగిల్లి, కంట్రోల్ యూనిట్‌కు చక్రం వేగం తెలియకుండా పోతుంది.

బండిని చదునైన చోట నిలిపి, ఎత్తని చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డం పెట్టి, జాకీతో లేపిన ఇరుసు కింద స్టాండ్లు వేయాలి. జాకీని నమ్ముకొని బండి కిందికి దూరవద్దు. వెనుక చక్రం తిప్పాలంటే హ్యాండ్ బ్రేకు వదలక తప్పదు, కాబట్టి ముందు చక్రాల దిమ్మలు గట్టిగా ఉన్నాయో లేదో మరోసారి చూసుకోండి.

సెన్సరు కనెక్టరు విప్పి, సెన్సరు వైపున్న రెండు పిన్నుల మధ్య ఓములు కొలవాలి. సాధారణంగా 900 నుంచి 2,000 వరకు వస్తుంది. అదే ఇరుసుకు రెండో వైపున్న సెన్సరును కూడా కొలిచి పోల్చితే అనుమానం తీరుతుంది. మీటరు ఏమీ చూపకపోతే లోపల తీగ తెగింది, సున్నాకు దగ్గరగా చూపితే షార్ట్ అయింది. ఓములు బాగుంటే మీటరును ఏసీ వోల్టుల మీద పెట్టి, చక్రాన్ని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున చేత్తో తిప్పండి. కనీసం 0.2 వోల్టు రావాలి. అంతకన్నా తక్కువ వస్తే సెన్సరు కొత్తది కొనకండి, ముందు దాన్ని వేళ్లతో లోపలికి నెట్టి పళ్ల రింగుకు ఆనించండి. దాన్ని పట్టి ఉంచే స్ప్రింగు బుష్ వల్ల చక్రం తిరిగేటప్పుడు అదే తగినంత వెనక్కి జరిగి నిలబడుతుంది. సుత్తితో మాత్రం కొట్టవద్దు. బ్రేకు లైనర్లు మార్పించిన వారానికే లైటు వచ్చిందంటే కారణం చాలావరకు ఇదే: డ్రమ్ము, హబ్బు తీసి పెట్టేటప్పుడు సెన్సరు వెనక్కి పోతుంది.

నెట్టినా మళ్లీ మళ్లీ వెనక్కి పోతుంటే బుష్ అరిగిందా, హబ్బు బేరింగు ఆడుతోందా అని చూడాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకొని ఊపితే బేరింగు వదులు చేతికి తెలుస్తుంది. స్టీల్ ప్లాంటు, తుక్కు ఇనుము యార్డుల చుట్టూ తిరిగే బండ్లలో సెన్సరు బయటికి తీస్తే కొనకు ఇనుప రజను గడ్డంలా అంటుకొని కనిపిస్తుంది. గుడ్డతో తుడిచేస్తే చాలు. రింగులో విరిగిన పన్ను, తుప్పు పొర, వంకర ఉన్నాయేమో కూడా చక్రం తిప్పుతూ చూడండి.

వైర్లు, కనెక్టర్లు

సముద్రపు గాలి ఏడాది పొడవునా తగిలే ఊరు మన విశాఖ. సిందియా వైపు, పోర్టు రోడ్డులో నిలిచే బండ్లకు ఉప్పు తేమ, ఎరువుల లోడు తోలే బండ్లకు ఎరువు పొడి తోడై కనెక్టర్లను తినేస్తాయి. మా బండి కనెక్టరు పైకి నిగనిగలాడుతూనే ఉంది. విప్పి చూస్తే ఒక పిన్ను ఆకుపచ్చ పొడిగా మారి, వేలితో తాకగానే రాలిపోయింది. చిలుము కొద్దిగా ఉంటే కాంటాక్ట్ క్లీనరు కొట్టి, ఆరాక కనెక్టర్లకు వాడే గ్రీజు పూసి బిగించవచ్చు. పిన్ను పలచబడితే కనెక్టరే మార్చాలి. టెస్ట్ ల్యాంపు సూదితో వైరు తొడుగు పొడిచి చూసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఆ చిన్న బెజ్జంలోంచే ఉప్పు నీరు దూరి, కొన్ని నెలల తర్వాత లోపలి రాగిని నల్లపొడి చేస్తుంది. వైరు ఛాసిస్‌కు రాసుకునే చోట, స్టీరింగు తిప్పినప్పుడు సాగే చోట ప్రత్యేకంగా చూడండి. మీటరు పెట్టి వైరును ఊపుతుంటే అంకె గెంతిన చోటే తెగుదల ఉన్నట్టు.

కోడ్ వాల్వును చూపిస్తే దాని కనెక్టరు విప్పి, తీగచుట్టల ఓములు తీసి, మిగిలిన చక్రాల వాల్వులతో పోల్చాలి. ఒక్కటే భిన్నంగా ఉంటే దోషి అదే. గాలి గొట్టాలు విప్పే పని మాత్రం బ్రేకు మెకానిక్‌కే వదలండి.

లోపం సరిచేశాక చాలామంది తాళం తిప్పి, లైటు ఇంకా ఉందని నీరసపడి, బాగున్న సెన్సరునే మళ్లీ విప్పుతారు. తనిఖీ బటన్ ఉన్న చాలా బండ్లలో దాన్ని మూడు సెకన్లకు పైగా నొక్కితే పాత కోడ్ చెరిగిపోతుంది. తర్వాత బండిని ఖాళీ రోడ్డు మీదికి తీసి, గంటకు 7 కిలోమీటర్లు దాటించి చూడండి. అప్పుడు ఆరిన లైటు, లోడుతో లంకెలపాలెం దాకా వెళ్లి వచ్చినా మళ్లీ రాకపోతే పని పూర్తయినట్టే.